అసలు చౌక, కొసరు ప్రియం

కొసరంటే ఊరికే వేసేదని మనకు అలవాటు. గేమ్‌ల దగ్గర లెక్క తలకిందులు: అసలు గేమ్ నామమాత్రపు ధరకు వస్తుంది, కొసరు దగ్గరే జేబు ఖాళీ అవుతుంది. పీసీలోనూ కన్సోల్‌లోనూ ఏళ్ల తరబడి సేల్స్‌లోనే కొంటూ రాస్తున్న సమీక్ష ఇది. ఏ ఒక్క గేమ్ గురించీ కాదు, ఈ అమ్మకం పద్ధతి గురించి.

ముందు లెక్క. బేస్ గేమ్ ధర 100 అనుకోండి. దానికి ఎనిమిది డీఎల్‌సీలు (అసలు గేమ్‌కు జోడించడానికి విడిగా అమ్మే అదనపు భాగాలు, అంటే మన కొసరు), ఒక్కోటి 40. మొత్తం 420. సేల్ బ్యానర్ మీద 75 శాతం తగ్గింపు అని మెరుస్తుంటుంది. అది బేస్ గేమ్‌కే, 25కి వస్తుంది. డీఎల్‌సీల మీద తగ్గేది 30 శాతం, అంటే 320 కాస్తా 224. కలిపితే 249. నిజంగా తగ్గింది దాదాపు 41 శాతం. బ్యానర్ అబద్ధమాడలేదు, సగమే చెప్పింది. కాబట్టి బేస్ గేమ్‌తో పాటు మీకు కావాల్సిన డీఎల్‌సీలను కూడా విడివిడిగా విష్‌లిస్ట్‌లో పెట్టుకోండి. లేకపోతే బేస్ తగ్గినప్పుడల్లా మెయిల్ వస్తుంది, డీఎల్‌సీ తగ్గినరోజు మాత్రం తెలియనే తెలియదు.

తొందర అక్కర్లేదు. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఒకప్పుడు గంటల లెక్కన మారే ఫ్లాష్ డీల్స్ ఉండేవి. అవి పోయాక పెద్ద సేల్‌లో మొదటి రోజు ధరే మామూలుగా చివరి రోజు దాకా ఉంటుంది. కొనే ముందు, స్టీమ్ ధరల చరిత్ర చూపించే స్టీమ్‌డీబీ సైట్‌లో ఆ గేమ్ ధరల గ్రాఫ్ ఒకసారి తెరిచి చూడండి. ఇప్పటి ధర పాత కనిష్ఠానికి దగ్గర్లో లేకపోతే అది సేల్ పేరుతో పెట్టిన మామూలు ధరే. స్టీమ్ నియమం ప్రకారం ధర పెంచాక 30 రోజుల దాకా డిస్కౌంట్ పెట్టకూడదు, కాబట్టి నిన్న పెంచి ఇవాళ తగ్గించే నాటకం అక్కడ సాగదు. మొన్న కొన్న గేమ్ ఇవాళ సేల్‌కొస్తే? 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటల లోపే అయితే రీఫండ్ అడిగి, తగ్గిన ధరకే మళ్లీ కొనుక్కోవచ్చు. ఇది దుర్వినియోగం కిందికి రాదని స్టీమ్ తన పాలసీలోనే రాసింది.

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది బండిల్‌కీ ప్యాకేజీకీ తేడా తెలియక. గేమ్‌నూ డీఎల్‌సీలనూ కలిపి అమ్మే ఈ రెండూ స్టీమ్ స్టోర్ పేజీలో ఒకలాగే కనిపిస్తాయి. బండిల్ అయితే మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటి ధర తీసేసి మిగిలినవాటికే కట్టించుకుంటుంది. పైగా బండిల్ డిస్కౌంట్ అప్పటికే తగ్గిన ధర మీద పడుతుంది: విడిగా 50 శాతం తగ్గి, బండిల్‌కి ఇంకో 20 శాతం ఉంటే 100 వస్తువు 40కి వస్తుంది, 30కి కాదు. ప్యాకేజీ అలా కాదు. అది ఒకే ముద్ద, బేస్ గేమ్ మీ దగ్గర ఉన్నా పూర్తి ధరే. ముందు బేస్ చౌకగా కొని తర్వాత డీఎల్‌సీలు కూడా కలిసొచ్చే కంప్లీట్ ఎడిషన్‌కి వెళ్దామనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పేజీలో కొనే బటన్ పైన బండిల్ అని రాసుందో లేదో చదవండి. అల్టిమేట్, గోల్డ్ లాంటి ఎడిషన్ పేర్లను చూసి అందులో అన్నీ ఉన్నాయని నమ్మొద్దు. అల్టిమేట్ వచ్చాక ఇంకో రెండు డీఎల్‌సీలు వచ్చిన గేమ్‌లు కొల్లలు. లోపల ఏమేం ఉన్నాయో జాబితా తెరిచి, డీఎల్‌సీ పేజీతో పక్కపక్కన పెట్టి సరిచూడాలి.

స్టీమ్‌లో డీఎల్‌సీ రీఫండ్ ఇంకో చిక్కు. డీఎల్‌సీ కొన్న దగ్గర్నుంచి బేస్ గేమ్ ఎంతసేపు ఆడారన్నది లెక్క, అదీ 2 గంటల లోపే ఉండాలి. కథ చివర్లో గానీ తెరుచుకోని ఎక్స్‌పాన్షన్‌ని (పెద్ద డీఎల్‌సీని) మొదటి రోజే బేస్‌తో కలిపి కొంటే, దాని ముఖం చూసేసరికి గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. సగం గేమ్ అయ్యాక కొనడమే మేలు. సగంలో వదిలేసే గేమ్‌లే ఎక్కువ కాబట్టి, ఆ డబ్బులు చాలాసార్లు మిగిలిపోతాయి కూడా.

డిస్క్ మీద ఆడేవాళ్లు రీజియన్, అంటే అది ఏ ప్రాంతపు అమ్మకానికి చేసిందో చూసుకోవాలి. ప్లేస్టేషన్‌లో డిస్క్ ఒక రీజియన్‌దీ, అకౌంట్ ఇంకో రీజియన్‌దీ అయితే కొన్న డీఎల్‌సీ డౌన్‌లోడ్ అవుతుంది గానీ గేమ్ దాన్ని గుర్తించదు. డౌన్‌లోడ్ మొదలైతే మామూలుగా రీఫండ్ కూడా ఉండదు. అందుకే డిస్క్ బాక్స్ పక్కమీది కోడ్‌ని, స్టోర్‌లో చూపించే వెర్షన్‌తో ముందే పోల్చుకోండి.

కొసరంతా చెడ్డదని కాదు. 2006లో ఆబ్లివియన్ అనే గేమ్‌లో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకు అమ్మితే జనం నవ్విపోయారు, అది చెడ్డ కొసరు. మంచి కొసరూ ఉంది: విచర్ 3 అనే గేమ్‌కి 16 చిన్న డీఎల్‌సీలు ఉచితంగా వచ్చాయి, డబ్బు పెట్టి కొన్న రెండు ఎక్స్‌పాన్షన్లలో బ్లడ్ అండ్ వైన్ ఒక్కటే వేరే గేమ్ అంత ఉంటుంది. నా కొలబద్ద సులువైనది: కొత్త చోటు, కొత్త ఆట పద్ధతి ఉంటే కొంటాను. రంగులు, దుస్తులు, కత్తి మీద నగిషీ అయితే 80 శాతం తగ్గినా వద్దు. రాబోయే డీఎల్‌సీలన్నిటినీ కలిపి ముందే అమ్మే సీజన్ పాస్ అయితే అందులోవన్నీ విడుదలయ్యాకే. ఇంకా రాని సరుకుకు ముందే డబ్బు కట్టడమెందుకు?

స్ట్రాటజీ గేమ్‌లకు వేరే దారి ఉంది. యూరోపా యూనివర్సాలిస్ 4 లాంటి పారడాక్స్ కంపెనీ గేమ్‌లలో, కలిసి ఆడే మల్టీప్లేయర్‌లో హోస్ట్ (ఆటను నడిపే ఆటగాడు) దగ్గరున్న డీఎల్‌సీల్లో చాలా భాగం మిగతావాళ్లకూ పనిచేస్తుంది. నలుగురు స్నేహితుల్లో ఒక్కరు కొంటే చాలు, ఆయనే హోస్ట్ చేయాలి. ఒంటరిగా ఏడాదికో నెల ఆడేవాళ్లకైతే ఆ గేమ్‌కున్న నెలవారీ సబ్‌స్క్రిప్షనే చౌక.

ఆగడం పనికిరాని చోటు ఒక్కటుంది: లైసెన్స్ తీసుకున్న కార్లు, పాటలు ఉన్న గేమ్‌లు. ఆ లైసెన్స్ గడువు తీరితే అమ్మకమే ఆగిపోవచ్చు. కార్ల రేసింగ్ గేమ్ ఫోర్జా హొరైజన్ 4 అమ్మకం 2024 డిసెంబరు 15న ఆగిపోయింది. దాని డీఎల్‌సీలను అంతకు కొన్ని నెలల ముందే తీసేశారు. చివరి సేల్‌లో బేస్ గేమ్ చౌకగా కొన్నవాళ్లకు అప్పటికి స్టోర్‌లో విడిగా కొనుక్కోవడానికి ఎక్స్‌పాన్షన్లే లేవు.