యూరప్ గ్రూప్ టూర్‌కి అడ్వాన్స్ కట్టబోతున్నారా? ముందు ఈ కాగితాలు అడగండి

వచ్చే వేసవి సెలవులకి యూరప్ ప్యాకేజీ తీసుకుందామని అనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా అమ్మానాన్నల్నో అత్తమామల్నో వెంట తీసుకెళ్లేవాళ్లు, అడ్వాన్స్ కట్టేముందు రెండు రోజులు ఆగి ఇది పూర్తిగా చదవండి. మేము హైదరాబాద్‌లో ఒక టూర్ ఆఫీసు ద్వారా మా అమ్మానాన్నలతో కలిసి వెళ్లొచ్చాం. ఆఫీసులో కూర్చోబెట్టి అరచేతిలో వైకుంఠం చూపించారు. అక్కడికి వెళ్లాక దొరికింది వేరు. వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పైగా మేము చూసిన మరికొన్ని ఆఫీసుల కాగితాల్లోనూ ఇవే మెలికలు ఉన్నాయి. అందుకే పేరు కంటే ఆ మెలికలు ఏమిటో తెలియడం మీకు ఎక్కువ ఉపయోగం.

అసలు నష్టం ఎక్కువగా హోటల్ దగ్గర జరుగుతుంది. మా ఇటినరరీలో "పారిస్‌లో మూడు రాత్రులు, ఫోర్ స్టార్ హోటల్ లేదా అటువంటిదే" అని ఉంది. బస చేయించింది మాత్రం చార్లెస్ డి గాల్ విమానాశ్రయం పక్కన, రోసీ అనే ఊళ్లో. పారిస్ నడిబొడ్డు నుంచి అది పాతిక కిలోమీటర్లు. గది బాగానే ఉంది, ఆ విషయంలో ఏమీ అనను. కానీ సాయంత్రం బస్సు అక్కడ దింపేశాక బయట చూడటానికి ఏమీ లేదు. పారిస్‌లో జూన్ నెలలో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. సీన్ నది ఒడ్డున నడవాల్సిన ఆ గంటలన్నీ అమ్మానాన్న హోటల్ గదిలో టీవీ ముందు గడిపారు. వెనిస్ కూడా అంతే. వెనిస్ అంటే మెస్త్రే అన్నమాట, వంతెనకి ఇవతల, నేల మీద ఉన్న పట్టణం. చౌక కాబట్టి చాలామంది అక్కడే ఉంటారు, అందులో తప్పులేదు. కానీ అది ముందే చెప్పి, దానికి తగ్గ ధర తీసుకోవాలి.

"లేదా అటువంటిదే" అన్న ఆ చిన్న ముక్కని ఒప్పుకోకండి. హోటల్ పేరు ఇప్పుడే చెప్పలేమంటే, "నగర కేంద్రం నుంచి ఇన్ని కిలోమీటర్ల లోపు, మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో" అని రాసివ్వమనండి. అది కూడా రాయనంటే వాళ్ల మనసులో ఉన్నది ఊరి బయటి హోటలే అని అర్థం చేసుకోండి.

రాత్రి ఒకసారి ఊళ్లోకి తీసుకెళ్లమని అడిగితే "డ్రైవర్ టైమ్ అయిపోయింది" అంటారు. ఈ మాట అబద్ధం కాదు. యూరప్‌లో బస్సు డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి, రోజుకి మామూలుగా 9 గంటలకి మించి నడపకూడదు, రాత్రి విశ్రాంతి కూడా చట్టం చెప్పినంత ఇవ్వాలి. బస్సులో ఉండే మీటరు ఇదంతా నమోదు చేస్తుంది. డ్రైవర్‌ది ఏ తప్పూ లేదు, పాపం అతను మాతో చాలా మర్యాదగా ఉన్నాడు. తప్పంతా ఆ నియమాలు తెలిసి కూడా రోజుకి ఒక దేశం చొప్పున ప్లాన్ గీసినవాళ్లది. పారిస్ నుంచి బ్రసెల్స్ మూడు వందల కిలోమీటర్ల పైన, అక్కణ్ణుంచి ఆమ్‌స్టర్‌డామ్ ఇంకో రెండు వందలు. రెండూ ఒకే రోజు పెడితే బ్రసెల్స్‌లో దిగి అక్కడి పేరున్న చిన్న బాలుడి విగ్రహం దగ్గర ఫోటో దిగడం తప్ప ఏం మిగులుతుంది? "ఏడు దేశాలు" అని పోస్టర్ మీద పెద్ద అక్షరాలు చూసి సంబరపడకండి. ప్రతి రోజుకీ ఎదురుగా బస్సులో ఎన్ని గంటలు, ఊళ్లో ఎన్ని గంటలు అని పెన్నుతో రాసుకోండి. మా ప్యాకేజీకి నేను ఆ లెక్క వేస్తే సగం రోజుల్లో బస్సు గంటలే ఎక్కువ తేలాయి.

ఇక టిక్కెట్ల సంగతి. ఇటినరరీలో ప్రతి చోటుకీ ఎదురుగా లోపలికి ప్రవేశమా, బయట నుంచి చూపించడమా అన్నది ఉండాలి. మాకు "లూవ్ర్ మ్యూజియం" అని ఉంది, అంతే. తీరా మాకు లూవ్ర్ పెట్టిన రోజు మంగళవారం. లూవ్ర్‌కి మంగళవారం సెలవు. గాజు పిరమిడ్ ముందు నిలబెట్టి "ఇదే లూవ్ర్" అన్నారు. తేదీలు వాళ్లే నిర్ణయించారు, ఆ వారం ఏదో వాళ్లకి నెలల ముందే తెలుసు. మీ ప్లాన్‌లో వర్సాయ్ కోటగానీ ఓర్సే మ్యూజియంగానీ ఉంటే సోమవారం పడకుండా చూసుకోండి, ఆ రెండూ సోమవారం మూసేస్తారు. వాటికన్ మ్యూజియంలకి నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు సెలవు. క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూస్తే పది నిమిషాల పని.

ఐఫిల్ టవర్‌కి "టిక్కెట్లు అయిపోయాయి, కింద నుంచే చూద్దాం" అన్నారు. లిఫ్ట్ టిక్కెట్లు రెండు నెలల ముందు నుంచే ఆన్‌లైన్‌లో అమ్ముతారు. మేము పూర్తి డబ్బు కట్టింది అంతకంటే ముందే. రెండో అంతస్తు దాకానా, పై శిఖరం దాకానా అన్నది కూడా కాగితం మీద ఉండాలి, రెండింటి ధరా వేరు.

స్విట్జర్లాండ్‌లో అన్నింటికంటే బాధ కలిగింది. బ్రోచర్‌లో యుంగ్‌ఫ్రౌయోఖ్ అని వేశారు. 3,454 మీటర్ల ఎత్తున, యూరప్‌లోకెల్లా ఎత్తైన రైల్వే స్టేషన్. నాన్న రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఈ మొత్తం ప్రయాణంలో కోరుకున్నది ఆ రైలు ఎక్కడం ఒక్కటే. ముందు రోజు రాత్రి టూర్ మేనేజర్ వాతావరణం బాలేదని చెప్పి టిట్లిస్ అనే ఇంకో కొండకి మార్చాడు. టిట్లిస్ మంచి చోటే, తిరిగే కేబుల్ కార్, మంచు, అన్నీ ఉన్నాయి. కానీ అది యుంగ్‌ఫ్రౌ కంటే బాగా చౌక, తేడా మాకు తిరిగి ఇవ్వలేదు. ఈ రెండు కొండల మీదా కెమెరాలు ఉంటాయి, ఆ క్షణంలో మబ్బు ఉందో లేదో ఫోన్‌లో ప్రత్యక్షంగా చూడొచ్చు. వాతావరణం అనే కారణం ఎవరైనా చెబితే ముందు అది తెరిచి చూడండి. "మార్చాల్సి వస్తే టిక్కెట్ తేడా తిరిగి ఇస్తాం" అన్న వాక్యం ఒప్పందంలో పెట్టించండి.

బ్రోచర్ మీది తులిప్ తోటల ఫోటోలు చూసి అమ్మ చాలా ఆశపడింది. ఆ తోట క్యూకెన్‌హోఫ్, ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర లిస్సే అనే ఊళ్లో ఉంది. మార్చి మూడో వారం నుంచి మే మధ్య దాకా మాత్రమే తెరుస్తారు. మన పిల్లలకి సెలవులు ఉండే మే చివర్లో, జూన్‌లో వెళితే అక్కడ గేటుకి తాళమే. సెలవుల ప్యాకేజీ మీద ఆ ఫోటో వేయడం మోసం కాక మరేమిటి?

"ఆప్షనల్" పేరుతో అక్కడ వసూలు చేసేవి ఇంకో తంతు. వెనిస్‌లో గొండోలాకి తలకి 35 యూరోలు అడిగారు. వెనిస్ నగరపాలక సంస్థ నిర్ణయించిన ధర పగటిపూట అరగంటకి 90 యూరోలు. అది పడవ మొత్తానికి, మనిషికి కాదు. పడవలో ఐదుగురు ఎక్కొచ్చు, అంటే తలకి 18 పడుతుంది. మేము, ఇంకో గుంటూరు కుటుంబం కలిసి నేరుగా వెళ్లి ఆ ధరకే ఎక్కాం. టూర్ మేనేజర్ ముఖం మాడ్చుకున్నాడు, అయినా ఫరవాలేదు. హోటళ్లలో సిటీ ట్యాక్స్ (బస చేసినందుకు ఆ నగరం వేసే పన్ను) ఎవరు కట్టాలి, డ్రైవర్ టిప్పు ప్యాకేజీలో ఉందా అన్నవి కూడా ముందే అడగండి. మాకు ఈ రెండూ బస్సులో చెప్పారు. హైవే మీద టాయిలెట్లకి జర్మనీలో ఒక యూరో దాకా అవుతుంది, షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే చిల్లర దగ్గర పెట్టుకోండి.

వీసా గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా తమ్ముడు దీనివల్లే ఇంట్లో ఉండిపోయాడు. వాడికి లీవు ఆలస్యంగా దొరికింది, ఆ సరికి ఫ్రాన్స్ స్లాట్లు లేవు. ఆఫీసువాళ్లు "మేము చూసుకుంటాం" అని వేరే దేశం ద్వారా పెట్టారు. షెన్‌గెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) నియమం ప్రకారం ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. దాన్ని సరిపెట్టడానికి వాళ్లు ప్రయాణ ప్రణాళిక మార్చి రాశారు, హోటల్ బుకింగులు పెట్టి వీసా నిర్ణయం రాకముందే రద్దు చేశారు. వీసా తిరస్కరించారు. దరఖాస్తు మీద సంతకం వాడిది, పాస్‌పోర్టు వాడిది, రేపు ఎక్కడ దరఖాస్తు చేసినా "గతంలో తిరస్కరించారా" అన్న గడిలో అవునని రాయాల్సింది వాడే. ఆఫీసుకి ఏ మచ్చా లేదు, పైగా "వీసా మా చేతిలో లేదు" అని కట్టిన డబ్బులో చాలా భాగం ఉంచేసుకున్నారు.

అందుకని సంతకం పెట్టేముందు దరఖాస్తులోని ప్రతి పేజీ చదవండి. హోటల్ బుకింగ్ నంబరు తీసుకుని ఆ హోటల్‌కే మెయిల్ పెట్టి ఉందో లేదో అడగండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా పట్టొచ్చు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, ఆరేళ్ల లోపు పిల్లలకి ఏమీ లేదు. వీసా కేంద్రం సర్వీసు ఛార్జీ వేరు. మా గ్రూపులో ఒక నాలుగేళ్ల పాపకి కూడా పూర్తి వీసా ఫీజు తీసుకున్నారు, ఆ తల్లికి ఈ సంగతి మేము బస్సులో చెబితే తెలిసింది. లండన్ కలిపిన ప్యాకేజీ అయితే బ్రిటన్‌కి వేరే వీసా కావాలి. లండన్ మధ్యలో పెట్టి మళ్లీ యూరప్‌లోకి వస్తే షెన్‌గెన్ వీసా ఒక్క ప్రవేశానికి ఇచ్చినది అయితే సరిపోదు.

వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. టూర్ ఆఫీసు అన్నింటికంటే చౌకైనది తీసి జతచేస్తుంది. పెద్దవాళ్లకి ముందే ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బులకి అందులో ఏమీ రాకపోవచ్చు. పాలసీ కాగితం తెప్పించుకుని చదవండి, లేకపోతే మీరే వేరేది తీసుకోండి. అమ్మకి ఇన్‌స్‌బ్రుక్‌లో మోకాలు వాచి డాక్టర్ దగ్గరికి వెళితే ఆ ఖర్చు మేమే పెట్టుకున్నాం.

విమానం టిక్కెట్‌లో మధ్యలో ఆగే సమయం కూడా చూడండి. 2025 అక్టోబర్ నుంచి షెన్‌గెన్ సరిహద్దుల్లో కొత్త పద్ధతి మొదలైంది, మొదటిసారి వెళ్లేవాళ్ల వేలిముద్రలు, ఫోటో అక్కడే తీసుకుంటారు. క్యూ పెద్దది. ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట గంటంపావులో ఇంకో విమానం అందుకోవాలంటే పెద్దవాళ్లతో చాలా కష్టం.

డబ్బు కట్టే విషయంలో నా సలహా ఇది. యజమాని సొంత ఖాతాకో ఫోన్ నంబరుకో పంపకండి. సంస్థ ఖాతాకి, జీఎస్టీ నంబరున్న బిల్లు మీద కట్టండి. మొదటి వాయిదా క్రెడిట్ కార్డు మీద కడితే సేవ అందనప్పుడు బ్యాంకు ద్వారా వివాదం వేసే దారి ఉంటుంది. టీసీఎస్ (విదేశీ ప్యాకేజీ మీద ఆఫీసు మన దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పేరుతో తీసుకున్న మొత్తం మీ పాన్ మీద జమ కావాలి. కొన్నాళ్లాగి ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పన్ను జమల వివరాల్లో చూడండి, కనబడకపోతే గట్టిగా అడగండి. రిటర్న్ వేసేటప్పుడు ఆ డబ్బు మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే వెనక్కి వస్తుంది.

మేము తిరిగొచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం, తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఆ ఆఫీసు ఎక్కడున్నా సరే. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. మాకు ఇప్పుడు అక్కరకొస్తున్నవి బ్రోచర్ ఫోటో, వాట్సాప్ సందేశాలు, హోటల్ బిల్లులు, ప్రతి చోటా తీసిన ఫోటోల మీద ఉన్న తేదీలు. ఫోన్‌లో చెప్పిన మాట ఒక్కటీ పనికిరాలేదు. అందుకే ఆఫీసువాళ్లు ఫోన్‌లో ఏం చెప్పినా వెంటనే "మీరు ఇప్పుడు ఇలా అన్నారు, సరేనా" అని మెయిల్ పెట్టండి.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసినవాళ్లు కంగారు పడకండి. హోటళ్లు నగరంలో ఎక్కడ, ఏ టిక్కెట్లు లోపలివి, కొండ మారితే డబ్బు ఎంత తిరిగొస్తుంది, వీసా రాకపోతే ఎంత కోస్తారు, ఈ నాలుగూ అడుగుతూ మెయిల్ పెట్టి, జవాబుకి వారం గడువు ఇవ్వండి. రద్దు ఛార్జీలు ప్రయాణం దగ్గరపడే కొద్దీ పెరుగుతాయి. కాబట్టి ఆ మెయిల్ ఈ రోజే వెళ్లాలి.