ఆవగింజంత లెన్సు, నాలుగేళ్ళ వాడకం

మా హైస్కూల్లో మైక్రోస్కోప్ ఉండేది, బీరువాలో. ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు తీసి తుడిచి మళ్ళీ లోపల పెట్టేవారు. ఒక్కసారి మాత్రం ఉల్లిపొర చూపించారు. చేతులు వెనక్కి కట్టుకుని వరసలో నిలబడి, వంగి ఒంటికన్నుతో చూడాలి. నా వంతు వచ్చేసరికి ఎవరి మోచెయ్యో తగిలి ఫోకస్ పోయింది. నాకు కనిపించింది తెల్లటి మసక. "కనిపించిందా?" అంటే "కనిపించింది సార్" అన్నాను.

అందుకే, నెట్‌లో అదీ ఇదీ చూస్తుంటే ఫోల్డ్‌స్కోప్ అనే బుల్లి మైక్రోస్కోప్ తగిలినప్పుడు, కాగితం మడతలతో మైక్రోస్కోప్ చేయడం కన్నా వేరే సంగతి నన్ను పట్టుకుంది. మూడంతస్తుల మీంచి పడేసినా, కాలితో తొక్కినా పనిచేస్తుందట. దీన్ని తయారుచేసినవాళ్ళలో ఒకరైన మను ప్రకాశ్ మీరట్‌లో పుట్టి, కాన్పూర్ ఐఐటీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. మిగతా వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. నాలుగేళ్ళ వాడకం తర్వాత నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పిల్లల చేతికిచ్చి మనం పక్కకి వెళ్ళిపోవచ్చు.

కొన్న ఏడాది వేసవి సెలవులకి మా అక్క కొడుకు వచ్చాడు. వాడికిచ్చి నేను వంటింట్లోకి వెళ్ళాను. కాసేపటికి పెరట్లోంచి ఒకటే గోల. నీళ్ళ తొట్టిలో గిలగిలలాడే పురుగుల్లో బుల్లిదాన్ని చుక్క నీళ్ళతో స్లైడు మీద వేసి, వెలుగుకు పెట్టి చూస్తున్నాడు. అది మొత్తం ఒకేసారి పట్టదు. బొటనవేళ్ళతో కాగితాన్ని జరుపుకుంటూ తల కాసేపు, నడుము కాసేపు, తోక కాసేపు చూడాలి. ఒళ్ళంతా గాజులా ఉంటుంది. లోపల పేగులో తిన్నది కదలడం కూడా తెలుస్తుంది.

అమ్మ కూడా కళ్ళద్దాలు తీసి కంటికి ఆనించుకుంది. "లోపల ఏదో కొట్టుకుంటోంది, ఏంట్రా అది?"

"గుండె, అమ్మమ్మా. దోమపిల్లది."

ఫ్రైడే డ్రైడే, శుక్రవారం శుక్రవారం తొట్లు ఒంపి ఎండబెట్టండి అని ఆశా కార్యకర్త ఎన్ని వారాలు చెప్పినా ఆ తొట్టి ఒంపలేదు మా అమ్మ. "మంచినీళ్ళు పారబోస్తామా?" అనేది. ఆ సాయంత్రం తనే బోర్లించి, పీచుతో రుద్ది, ఎండబెట్టింది.

ఆ ఊపులో, ఇక మామూలు మైక్రోస్కోప్‌తో పనేముందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. అంత మాట అనాల్సింది కాదు. 2014 నాటి వాళ్ళ పరిశోధన పత్రంలో 2,000 రెట్ల దాకా పెద్దది చేసే రకాలున్నాయి గానీ, మనం మామూలుగా కొనుక్కునే కిట్ 140 రెట్లది. మలేరియా స్లైడును ల్యాబ్‌లో 1,000 రెట్లలో చూస్తారు. సర్ రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆ కిట్‌తో అలాంటిది చూద్దామంటే కుదరదు. అన్నట్టు, తన చెమటకి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయనీ, కన్ను ఆనించి చూసే ఐపీసుల్లో మిగిలిన ఒక్కటీ చిట్లిందనీ రాస్ రాసుకున్నాడు. అదీ వాడటమంటే. మా స్కూల్ మైక్రోస్కోప్ మర ఒక్కటి కూడా తుప్పు పట్టలేదు.

రెండో ఏడాది ఒకసారి ఏది పెట్టినా పొగమంచులో ఉన్నట్టే కనిపించింది. స్లైడు మార్చాను, వెలుగు మార్చాను, మడతలన్నీ విప్పి మళ్ళీ వేశాను. కాగితం వస్తువు ఎన్నాళ్ళుంటుందిలే అని రెండు వారాలు తిట్టుకున్నాను. చివరికి అక్క కొడుకు ఫోన్‌లో అడిగాడు, "పిన్నీ, లెన్సు మీద వేలు పెట్టావా?" అని. పెట్టాను. అవి ఆవకాయ కలిపిన రోజులు. ఆవగింజంత గాజుపూస మీద ఆవనూనె వేలిముద్ర! మెత్తటి గుడ్డతో తుడిస్తే పోయింది.

కొనమంటారా అంటే, మీ ఇంటిని బట్టి. నాకు నలభై అయిదు దాటాయి, దాన్ని కదలకుండా పట్టుకుంటే చెయ్యి లాగుతుంది. అయస్కాంతంతో ఫోన్‌కి తగిలించుకుని చూడటమే నాకు హాయి. పక్కన పిల్లలు లేకపోతే ఒక్కోసారి నెలలు గడిచినా సొరుగులోంచి తీయను. అక్క కొడుకు ఈసారి పదో తరగతి, వేసవిలో కూడా ట్యూషన్లే, రాలేదు.

పెరుగులో సూక్ష్మజీవుల్ని చూపిస్తానని మొదట్లో అమ్మకి మాటిచ్చాను. రెండు మైక్రాన్ల కన్నా, అంటే మిల్లీమీటర్లో అయిదువందలో వంతు కన్నా, సన్నటివి ఇందులో విడిగా తెలియవని తర్వాత అర్థమైంది. దానికి బదులు గేదె పాల చుక్క పెట్టి, అందులో తేలే వెన్న పూసలు చూపించాను. బాగున్నాయంది. అయినా పెరుగు తోడేసినప్పుడల్లా అడుగుతూనే ఉంది, ఇందులోవి ఎప్పుడు చూపిస్తావే అని.