కుండీ తోటకూర పాలిపోతే: అన్నభేది పిచికారీనా, చీలేటెడ్ ఐరనా?

కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సంచుల్లో పెంచే తోటకూర, పాలకూరల్లో లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ముదురాకులు ముందు పసుపైతే నత్రజని సంగతి చూడండి. తిరుపతి చుట్టుపక్కల బోరునీళ్లు బిందెకు తెల్లటి పొర కట్టేవైతే ఈ లోపం ఎక్కువ. ఎరువులో ఇనుము ఉన్నా ఆ నీళ్ల క్షారానికి గడ్డకట్టి వేరుకు అందదు.

ఖర్చు: అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) చాలా చౌక. చీలేటెడ్ ఐరన్ (చీలేట్) అంటే ఇనుము గడ్డకట్టకుండా పట్టి ఉంచే పదార్థంతో కలిపినది; అందులో క్షారంలోనూ నిలిచే ఈడీడీహెచ్ఏ రకం ధర అన్నభేదికి ఎన్నో రెట్లు.

శ్రమ: లీటరు నీళ్లలో ముందు గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది కరిగించి సాయంత్రం చల్లాలి. ద్రావణం తుప్పు రంగుకు తిరిగితే పారబోయండి, ఇక పనిచేయదు. ఇనుము పాత ఆకు నుంచి కొత్త చిగురుకు కదలదు, కాబట్టి వారం పది రోజులకు మళ్లీ చల్లాల్సిందే. చీలేటైతే 10 లీటర్ల సంచికి అర గ్రాము లీటరు నీళ్లలో కలిపి మొక్క మొదట్లో పోస్తే చాలు. నీళ్లు ఎర్రబడతాయి, భయం లేదు.

ప్రమాదం: అన్నభేది ఎండలో చల్లితే ఆకు మాడి గోధుమ మచ్చలు పడతాయి. మనం తినేదే ఆకు! ముందు నాలుగు మొక్కలపై చూడండి. చీలేట్లలో చౌకైన ఈడీటీఏ రకం క్షారంలో నిలవదు, అది కొనకండి.

పది రోజుల్లో కోసే తోటకూరకు, కాస్త పసుపుకు అన్నభేది. పదేపదే కోసే పాలకూరకు, తెల్లటి పొర కట్టే బోరునీళ్లకు ఈడీడీహెచ్ఏ.