జీమెయిల్‌లో దూరం నుంచి సైన్ అవుట్: పన్నెండేళ్లు వాడాక నా మాట

జీమెయిల్ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. స్టోరేజీ, స్పామ్, లేబుళ్లు, వాటి గురించి ఎవరిని అడిగినా చెప్తారు. నేను రాయాలనుకున్నది ఒకే ఒక్క బటన్ గురించి. ఎక్కడో వేరే కంప్యూటర్‌లో తెరిచి వదిలేసిన మన మెయిల్‌ని ఇక్కడ కూర్చునే మూసేసే బటన్. పన్నెండేళ్ల వాడకంలో దాన్ని నిజంగా అవసరపడి నొక్కింది ఒక్కసారే. ఆ ఒక్కసారి అది లేకపోయుంటే ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు పడేది కాదు.

ఇది కొత్తగా వచ్చిందేమీ కాదు. జీమెయిల్ 2004లో మొదలైతే, ఈ సదుపాయం 2008 జూలైలోనే వచ్చింది. కంప్యూటర్‌లో ఇన్‌బాక్స్ తెరిచి పేజీ అట్టడుగుకి వెళ్తే, కుడిపక్కన చిన్న అక్షరాల్లో 'లాస్ట్ అకౌంట్ యాక్టివిటీ' అని, దాని కింద 'డీటెయిల్స్' అని ఉంటుంది. ఏళ్ల తరబడి రోజూ కళ్ల ముందే ఉన్నా నేను పట్టించుకోలేదు. నొక్కితే చిన్న విండో తెరుచుకుంటుంది. ఈమధ్య మన మెయిల్‌ని బ్రౌజర్‌లో తెరిచారా, ఫోన్‌లో తెరిచారా, ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌ని గుర్తించే నంబరు) నుంచి, ఎన్నింటికి, అన్నీ వరసగా కనిపిస్తాయి. ఇది కాకుండా వేరే చోట్ల బ్రౌజర్లలో తెరిచి ఉన్న మన మెయిల్ (వెబ్ సెషన్లు అంటారు) అన్నిటినీ ఒక్క దెబ్బతో సైన్ అవుట్ చేసే బటన్ కూడా అక్కడే ఉంటుంది.

కిందటేడాది ఒక ట్రైనింగ్‌లో గంటసేపు మాట్లాడటానికి వెళ్లాను. జనం వచ్చి కూర్చున్నారు. నా పెన్‌డ్రైవ్ పెడితే హాల్లో ఉన్న కంప్యూటర్ తీసుకోలేదు. పోర్టు మార్చి పెట్టాను, అయినా లేదు. ముందురోజు రాత్రి అదే ఫైల్ నాకు నేనే మెయిల్ చేసుకున్నట్టు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. అక్కడి బ్రౌజర్‌లోనే జీమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ఫోన్‌కి వచ్చిన ప్రశ్నకి 'అవును, నేనే' అని నొక్కి, ఆ మెయిల్లో ఉన్నవన్నీ ఒకేసారి డౌన్‌లోడ్ చేశాను. స్లైడ్లు తెర మీదకి వచ్చేశాయి. వెనకున్న ట్యాబ్ మూసేశాను. మాట్లాడటం అయిపోయింది, ప్రశ్నలు అయిపోయాయి, నాలుగున్నరకి బస్సెక్కేశాను.

రాత్రి ఏడింటికి, బస్సులో కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నప్పుడు తట్టింది. ట్యాబ్ అయితే మూశాను, సైన్ అవుట్ చేయలేదు.

ట్యాబ్ మూసినంత మాత్రాన మెయిల్ మూసినట్టు కాదని నాకు అప్పటికే తెలుసు. మనం పాస్‌వర్డ్ కొట్టగానే సైటు బ్రౌజర్‌కి ఒక చీటీ లాంటిది ఇస్తుంది, దాన్నే కుకీ అంటారు. ట్యాబ్ పోయినా ఆ చీటీ బ్రౌజర్ దగ్గరే ఉంటుంది. తర్వాత వచ్చినవాళ్లు అదే బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిస్తే, ఆ చీటీ చూసి పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి పంపేస్తుంది. సైన్ అవుట్ అంటే ఆ చీటీ చెల్లకుండా చేయడం. ఇంత తెలిసీ తొందరలో వదిలేసి వచ్చాను. నా మెయిల్లో బ్యాంకు స్టేట్‌మెంట్లున్నాయి, అమ్మ ఆసుపత్రి రిపోర్టులున్నాయి. మిగతా సైట్లన్నిటి పాస్‌వర్డులూ మార్చుకోడానికి లింకులొచ్చేదీ ఆ మెయిల్‌కే. చేతులు చల్లబడ్డాయి.

ఫోన్ తీసి యాప్‌లో ఆ 'డీటెయిల్స్' కోసం వెతికాను. యాప్‌లో అది ఉండదు, కంప్యూటర్‌లో తెరిచే పేజీలోనే ఉంటుంది. ఫోన్ నుంచి అయితే దారి వేరు: పైన మన ఫొటో నొక్కి, గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లి, సెక్యూరిటీలో 'యువర్ డివైసెస్' చూడాలి. ఇప్పుడు సైన్ ఇన్ అయి ఉన్నవీ, గత కొన్ని వారాల్లో సైన్ ఇన్ అయినవీ అక్కడ కనిపిస్తాయి. నాకు మూడు కనిపించాయి. ఒకటి నా ఫోన్. మిగతా రెండింటి మీదా 'విండోస్' అనే ఉంది. ఇంట్లో లాప్‌టాప్ పొద్దున మూసింది మూసినట్టే ఉంది కాబట్టి, సాయంత్రం టైమ్ ఉన్నదే హాల్లోది. ఆ టైమ్ చూసేసరికి గుండె ఆగినంత పనైంది. ఐదూ ఇరవై. నేను బయటపడిన యాభై నిమిషాల తర్వాత!

దాన్ని తెరిచి సైన్ అవుట్ నొక్కాను. నిజంగానా అని అడిగింది, అవునన్నాను. అయిపోయింది. బస్సు సీటులో, ఒక్క వేలితో, అర నిమిషంలో. ఆ క్షణంలో ఎంత తేలికపడ్డానో ఇప్పుడు రాస్తుంటే కూడా గుర్తొస్తోంది.

టెన్షన్ మాత్రం పూర్తిగా పోలేదు. ఆ బ్రౌజర్ 'పాస్‌వర్డ్ దాచమంటారా' అని అడిగిందా, తొందరలో నేను 'సరే' అన్నానా? ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. అని ఉంటే, నేను చేసిన సైన్ అవుట్ అర్థం లేనిది, ఎవరైనా మళ్లీ లోపలికి వచ్చేయొచ్చు. పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ ఉందిగా అనుకుందామంటే, 'ఈ కంప్యూటర్‌లో మళ్లీ అడగొద్దు' అనే టిక్కు తీసేశానో లేదో అదీ గుర్తులేదు. ఇక వేరే దారి లేక బస్సులోనే పాస్‌వర్డ్ మార్చేశాను. అలా మళ్లీ అడగకుండా వదిలేసే నమ్మకమైన కంప్యూటర్ల లిస్టు కూడా ఖాళీ చేశాను. మర్నాడు ఇంట్లో లాప్‌టాప్ కొత్త పాస్‌వర్డ్ అడిగితే విసుగు రాలేదు, సంతోషమే వేసింది. ఇది అడిగిందంటే హాల్లోదీ అడుగుతుంది కదా.

మరి ఆ ఐదూ ఇరవై? దాని సంగతి రెండు రోజుల తర్వాత తేలింది. ఆ లిస్టులో కనిపించే టైమ్, మన మెయిల్ ఎవరో చదివిన టైమ్ అని అర్థం కాదట. ఆ కంప్యూటర్‌కీ గూగుల్‌కీ మధ్య ఆఖరుసారి సంప్రదింపు జరిగిన టైమ్ అది. దానంతట అదే జరిగే సింక్ కూడా అందులో లెక్కే. గూగుల్ అకౌంట్‌లో 'మై యాక్టివిటీ' తెరిచి ఆ సాయంత్రానికి వెళ్లాను. నావి కాని వెతుకులాటలు రెండు ఉన్నాయి. రెండూ ప్రొజెక్టర్‌కి కలిపితే సౌండ్ ఎందుకు రాదు అనే. నా తర్వాత మాట్లాడిన మనిషెవరో పాపం, సౌండ్ రాక తంటాలు పడుతూ వెతికారు. నేను సైన్ అవుట్ చేయకపోవడం వల్ల అవన్నీ నా ఖాతాలో నమోదయ్యాయి. నా మెయిల్ ఎవరూ తెరవలేదని నేను నమ్ముతున్నాను. కానీ అంతకుముందు నాకెప్పుడూ తట్టని సంగతి ఒకటి అప్పుడు తెలిసింది. నేను మర్చిపోతే నా గుట్టు ఒక్కటే కాదు, తర్వాత వచ్చినవాళ్ల గుట్టు కూడా నా దగ్గరికి వచ్చి పడుతుంది. వాళ్లు ప్రొజెక్టర్ గురించి వెతికారు కాబట్టి సరిపోయింది, అదే ఏ జబ్బు గురించో వెతికి ఉంటే? ఆ రెండింటినీ డిలీట్ చేశాను.

ఇక్కడి దాకా రాసి ఆపేస్తే ఇది పూర్తిగా పొగడ్తే అయ్యేది. నెల తర్వాత అదే హాలుకి మళ్లీ వెళ్లాను. ముందుగా వెళ్లి ఆ కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. జీమెయిల్ తెరిస్తే నా పేరు, నా మెయిల్ అడ్రస్ అక్కడే ఉన్నాయి, పక్కన సైన్ అవుట్ అయినట్టు రాసి ఉంది. లోపలికి వెళ్లడం కుదరదు గానీ, వచ్చినవాళ్లందరికీ నెలరోజులుగా నా అడ్రస్ కనిపిస్తూనే ఉందన్నమాట. ఆ లిస్టు కిందే 'రిమూవ్ యాన్ అకౌంట్' ఉంది, దాంతో తీసేశాను. పాస్‌వర్డుల సెట్టింగ్ చూశాను, నాది దాచలేదు. హమ్మయ్య అనుకుంటూ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను.

అక్కడ ఉంది జిప్ ఫైల్. స్లైడ్లతోపాటు, ట్రైనింగ్ వాళ్లు అడిగారని అదే మెయిల్లో నేను పెట్టుకున్న ఫారం, నా గుర్తింపు కార్డు స్కాన్. నా ఫొటో, పుట్టినతేదీ, ఇంటి అడ్రస్, సంతకం. ఆరోజు 'అన్నీ డౌన్‌లోడ్' అని నొక్కింది నేనే. నెలరోజులు ఎవరు క్లిక్ చేసినా తెరుచుకునేలా పడి ఉంది. డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేచాను. అప్పటి నుంచి ఈ బటన్ గురించి నలుగురికి చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గించే చెప్తున్నాను. అది దూరం నుంచి తలుపు వేస్తుంది. లోపల మనం వదిలేసి వచ్చిన వస్తువుని తెచ్చివ్వదు.

ఇంట్లో వాడకానికొస్తే నాకు మూడు ఖాతాలున్నాయి: నాది, ఆఫీసుది, అమ్మది. ఒకే బ్రౌజర్‌లో ఒకటి కంటే ఎక్కువ ఖాతాలు తెరుచుకునే వీలు 2010 నుంచీ ఉంది. అయితే కంప్యూటర్‌లో సైన్ అవుట్ నొక్కితే అన్ని ఖాతాలూ కలిసి బయటికొస్తాయి. అమ్మ మెయిల్ మళ్లీ తెరవాలంటే ఆవిడకి ఫోన్ చేసి, "అమ్మా, నీ ఫోన్‌లో ఏదో అడుగుతోంది చూడు, అవును అని నొక్కు" అనాలి. ఆవిడ కళ్లజోడు వెతుక్కునేలోపు గడువు అయిపోయేది. క్రోమ్‌లో ఒక్కో ఖాతాకీ ఒక్కో ప్రొఫైల్ పెట్టుకున్నాక ఈ బాధ తీరింది, దేన్ని మూసినా మిగతావి కదలవు. ఇది మాత్రం సొంత కంప్యూటర్‌కే. పదిమంది వాడే కంప్యూటర్‌లో క్రోమ్‌కే మన ఖాతా కలపడం అసలు వద్దు. 2018లో వచ్చిన క్రోమ్ 69 నుంచి జీమెయిల్ తెరిస్తే బ్రౌజర్ కూడా మన పేరుతో సైన్ ఇన్ అవడం మొదలైంది. చాలామంది అభ్యంతరం చెప్పాక, తర్వాతి వెర్షన్‌లో దాన్ని ఆపుకునే సెట్టింగ్ ఇచ్చారు. కాబట్టి బయట కంప్యూటర్ దగ్గర కూర్చుంటే నేను పైన కుడిమూల బొమ్మ మీద నొక్కి 'గెస్ట్' విండో తెరుస్తాను. మూసేస్తే కుకీలు పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం పోవు, వాటిని నేనే చూసుకోవాలి.

ఇంకో విషయం. పేజీ కింద ఉన్న ఆ బటన్ ఆపేది వెబ్ సెషన్లనే. ఎవరి కంప్యూటర్‌లోనైనా థండర్‌బర్డ్ లాంటి, బ్రౌజర్ లేకుండా మెయిల్ చూసుకునే ప్రోగ్రామ్‌లో మీ ఖాతా పెట్టి ఉంటే, అక్కడి నుంచి విడిగా తీసేయాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాలో కూడా అన్నిచోట్లా సైన్ అవుట్ చేసే సదుపాయం ఉంది, కాకపోతే అది పూర్తిగా పనిచేయడానికి 24 గంటల దాకా పట్టొచ్చని వాళ్లే రాశారు. బస్సులో ఉన్న నాకు ఆరోజు 24 గంటలు అంటే చాలా ఎక్కువ.

నేను బయట కంప్యూటర్ ముట్టుకునేది ఏడాదికి మూడు నాలుగుసార్లే, ఫోన్ ఎప్పుడూ జేబులో ఉంటుంది, అందులో చార్జింగ్ కూడా ఉంటుంది. అందుకే ఈ సదుపాయం నాకు ఇంత నచ్చింది. రోజూ ల్యాబ్‌లోనో లైబ్రరీలోనో మెయిల్ చూసుకునే వాళ్లకి ఇది ఆఖరి ఆసరాగా పనికొస్తుందేమో గానీ, దీన్నే నమ్ముకోమని చెప్పలేను, వాళ్లు గెస్ట్ విండోతోనే మొదలుపెట్టడం మంచిది. ఆరోజు నా ఫోన్ ఆఫ్ అయి ఉంటే ఇంటికి చేరేదాకా నేనూ ఏమీ చేయలేకపోయేవాణ్ణి. వచ్చే నెల మళ్లీ అదే హాల్లో మాట్లాడాలి. ఈసారి రెండు పెన్‌డ్రైవులు తీసుకెళ్తున్నాను, మెయిల్లో కూడా స్లైడ్లు ఒక్కటే పెట్టుకున్నాను.