యక్కా కొనేముందు ఆకు అంచు తడిమి చూడండి

మా ఇల్లు హన్మకొండలో. 2016లో నర్సరీ నుంచి రెండు యక్కాలు (కత్తుల్లాంటి పొడవాటి ఆకులుండే అలంకరణ మొక్కలు) తెచ్చాను, రెండేళ్లకు హైదరాబాద్‌ నుంచి ఇంకొకటి. అమ్మినవాళ్లు మూడింటికీ చెప్పిన పేరు ఒక్కటే, యక్కా. పెంచుతూ పోతే గానీ మూడూ మూడు రకాలని తెలియలేదు.

గేటు పక్కన పెట్టింది అలోయిఫోలియా. ఆకు కొస అచ్చం దబ్బనమే. అంచు మీద వేలు పెట్టి మెల్లగా జరిపితే సన్నటి రంపం పళ్లు గరగరమంటూ తగులుతాయి. మూడో ఏడు దాని మొదట్లో గడ్డి పీకుదామని వంగితే మోచేతి పైన కొస దిగబడింది. వారం రోజులు చెయ్యి వాచింది. అదే కంట్లో గుచ్చుకుని ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అప్పటి నుంచి కత్తెరతో కొసలు కత్తిరిస్తూనే ఉన్నాను. చిన్నపిల్లలున్న ఇంటికి ఈ రకం వద్దే వద్దు.

అయినా తీసెయ్యలేకపోయాను, పువ్వు వల్ల. 2021 ఎండకాలంలో నడిమి నుంచి లావుపాటి కాడ లేచింది. మా బాపు చూసి, "కిత్తనార పూస్తే చస్తది బిడ్డా, ఇది గూడ పోతది" అన్నాడు. నాకు ఒకటే టెన్షన్. కిత్తనార యక్కాకు దగ్గరి చుట్టమే, ఒక్కసారి పూసి ఎండిపోతుంది కూడా. యక్కా మాత్రం పోదు. మా చెట్టు పూసిన చోటు పక్కనుంచే రెండు తలలు వేసింది. పూలు తెల్లగా, గంటల్లా కిందికి వేలాడుతూ, మొదట్లో కొంచెం ఊదా రంగుతో ఉన్నాయి. కాయలు పట్టలేదు. అమెరికాలో చాలా యక్కాలకు ఒక చిన్న తెల్లటి రెక్కల పురుగు పుప్పొడి మోస్తుంది. అది ఆ పూలోనే గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు కొన్ని గింజలు తిని మిగతావి వదిలేస్తాయి. ఆ పురుగు మన దగ్గర లేదు.

రెండోది ఎలిఫాంటిపెస్. మొదలు ఏనుగు కాలులా ఉబ్బుతుంది, ఆకు కొస మెత్తన, చేత్తో నొక్కినా గుచ్చుకోదు. ఎల్ సాల్వడార్ దేశానికి దీని పువ్వే జాతీయ పుష్పం, అక్కడ గుడ్లతో కలిపి వండుకుంటారు. మేలో పది రోజులకోసారి నీళ్లు పోసినా తట్టుకుంది. దాన్ని చంపింది వాన. నల్లరేగడిలో నాటడం నా తప్పు. 2023 జూలై వానలకు మొదట్లో నీళ్లు నిలిచాయి. బొటనవేలితో నొక్కితే కాండం లోపలికి పోయి నీళ్లు కారాయి, కుళ్లు వాసన. పైన గట్టిగా ఉన్న భాగాన్ని జానెడు ముక్కలుగా కోసి, వారం నీడన ఆరబెట్టి, మొరం, ఇసుక కలిపిన కుండీల్లో గుచ్చాను. ఐదింటిలో మూడు బతికాయి.

మూడోది ఫిలమెంటోసా. కాండం ఉండదు, నేల మీదే గుత్తిగా పెరుగుతుంది. ఆకు అంచు నుంచి తెల్లటి దారాలు మెలికలు తిరిగి లేస్తాయి, పాత చీర అంచు పోగులు ఊడినట్టు. అందంగానే ఉంది కానీ మా దగ్గర ఇంతవరకు పూయలేదు. పక్కన పిలకలు మాత్రం బాగా వేస్తోంది.

ఇప్పుడు కొనాల్సి వస్తే నేను ఎలిఫాంటిపెస్సే కొంటాను, కుండీలోనే పెడతాను. బతికిన మూడింటిలో ఒకటి పక్కింటి వదినకు ఇచ్చాను. వాళ్ల పాప ఇప్పుడిప్పుడే నడుస్తోంది, పొద్దున్నే ఆ ఆకులు పట్టుకుని లేచి నిలబడుతోంది.