సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగాలా, ఆడాలా?

కారు ఆగగానే ఇంజిన్‌ను ఆపి, కదిలేటప్పుడు మళ్లీ స్టార్ట్ చేసే ఆటో స్టాప్-స్టార్ట్ ఆన్‌లో ఉంటే ఇంజిన్ అరిగిపోతుందని చాలామంది భయం. నిజానికి ఎక్కువ అరుగుదల పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే. సిగ్నల్ దగ్గర ఇంజిన్ వేడిగానే ఉంటుంది, బేరింగుల మీద ఆయిల్ పొర ఇంకా ఆరదు. పైగా ఈ కార్లకు గట్టి స్టార్టరే ఇస్తారు. మారుతి మైల్డ్ హైబ్రిడ్లలోనైతే (ఇంజిన్‌కు చిన్న ఎలక్ట్రిక్ మోటార్ సాయం ఉండే కార్లు) బెల్టుతో తిప్పే ఐఎస్‌జీ, అంటే స్టార్టర్, జనరేటర్ రెండూ తానే అయిన మోటార్ ఉంటుంది. కిర్రుమన్న చప్పుడు కూడా రాదు. అసలు ఖర్చు బ్యాటరీది: మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే ఈఎఫ్‌బీయో ఏజీఎమ్మో రకం ఉండాలి, మామూలుది పెడితే తొందరగా పోతుంది.

ఈ ఫీచర్ ఆఫ్ చేస్తే? ఏసీ చల్లదనం తగ్గదు. మే నెల విజయవాడ ఎండలో అది చిన్న సుఖమేం కాదు! పెట్రోలు మాత్రం ఊరికే కాలుతుంది. నేనైతే రెండు నిమిషాల సిగ్నళ్లకు ఆన్, జరిగి ఆగే ట్రాఫిక్‌లో ఆఫ్.