వేలికి వైద్యం, గదికి బిల్లు

ట్రిగ్గర్ ఫింగర్‌కు, అంటే వేలు మడతపడి ఇరుక్కుపోయే జబ్బుకు, చికిత్స కోసం ప్రయాణం కట్టేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఒకటే: ఈ పనికి ఆసుపత్రిలో పడుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు. నా చేత మాత్రం మొదటిచోట గది తీయించారు.

నాది ఉంగరపు వేలు. పొద్దున్నే మడతపడి ఉండేది, రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకునేది. వేలి మొదట్లో, అరచేతి వైపు, వేలిని మడిచే తాడులాంటి స్నాయువును ఎముకకు అంటిపెట్టి ఉంచే చిన్న పట్టీ ఒకటుంది. అది మందమై దారి ఇరుకైతే స్నాయువు అక్కడ చిక్కుకుంటుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి నయమవుతుంది. నాకు కొన్నాళ్లు తగ్గి, మళ్లీ మొదలైంది.

పెద్ద భవనం, నిగనిగలాడే నేల చూసి అక్క ముచ్చటపడింది. ఆ ముచ్చట కౌంటరు దాకానే. "చేరితేనే తేదీ ఇస్తామండీ" అన్నారు. ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, వరసగా రక్తపరీక్షలు, రాత్రి నుంచి ఉపవాసం. ఏసీ నుంచి నీళ్లు మంచం మీదే కారుతున్నాయని చెబితే మంచం జరుపుకోమన్నారు. అక్క పడుకున్న బల్లకు వేరే అద్దె. మధ్యాహ్నం దాటాక, సర్జన్ గారు రేపు వస్తారని కబురు. ఒక్క వేలికి పూర్తి మత్తు ఎందుకని అడిగితే "ఇక్కడి పద్ధతి ఇంతే" అని విసుక్కున్నారు. వేలి మీద చెయ్యి పడకుండానే బయటికొచ్చాం. బిల్లులో సగానికి పైగా గదిదే. అక్క దారంతా నోరు విప్పలేదు.

రెండోది చిన్న క్లినిక్. గట్టి కుర్చీలు, చాలాసేపు నిరీక్షణ, వాటికి మార్కులు ఇవ్వను. లోపల మాత్రం పని చూడాలి. డాక్టరు అరచేతిలో పెన్నుతో చుక్క పెట్టి, అక్కడే మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. అది భగ్గున మండింది. తర్వాత 18 గేజి సూది, అంటే కాస్త లావుపాటిది, గుచ్చి వేలు కదపమన్నారు. వేలితోపాటు సూదీ ఊగింది. స్నాయువులోకి దిగిందన్నమాట, కొంచెం వెనక్కి లాగారు. అప్పుడు పట్టీ తెగేలా దాని పొడవునా సూది మొనతో గీశారు. గరుకు కాగితం మీద గోరు ఆడినట్టు ఒక కరకర. అది ఆగింది. "ఇప్పుడు మడవండమ్మా." మడిచాను, తెరిచాను, ఎక్కడా చిక్కుకోలేదు. కుట్లు లేవు, చిన్న ప్లాస్టర్ అంటించారు. కాఫీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

నొప్పి లేదని చెప్పను. గుచ్చినచోట కొన్ని వారాలు నొక్కితే సలుపుతుంది. వేలు ఆడిస్తూనే ఉండమన్నారు, కదపకుండా దాచుకుంటే బిగుసుకుపోతుందట. కొందరిలో పట్టీ పూర్తిగా తెగక మళ్లీ ఇరుక్కోవచ్చని, అప్పుడు చిన్న కోత తప్పదని ముందే చెప్పారు. అలా చెప్పడమే నాకు నచ్చింది.

అక్క ఉత్సాహంగా తన బొటనవేలు చూపించింది. అక్కడ నరం సూది వెళ్లే దారికి మరీ దగ్గరగా పోతుంది కాబట్టి సూది కంటే కోసి, కళ్లతో చూస్తూ చేయడమే తనకు ఇష్టమన్నారు డాక్టరు. పైగా అక్కకు మధుమేహం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసినా కొన్ని రోజులు చక్కెర పెరుగుతుందని హెచ్చరించారు. కోతకైనా స్థానిక మత్తు చాలు, అదే రోజు ఇంటికి పంపేస్తారు. అయినా అక్క నమ్మలేదు. గది అక్కర్లేదని చీటీ మీద రాయించుకున్నాకే తేదీ ఖాయం చేసింది.